తొడిమ తీసిన కాగితం

బ్రాడీపేట నాలుగో లైన్లో
కొట్టు షట్టరు సగం లేపానో లేదో వంగి లోపలికొచ్చింది దయామణి.
పాలిథిన్ కవర్లో పాత బయోడేటా,
మూలన పిన్ను కొట్టిన ఫోటో,
"గౌరవనీయులైన అయ్యగారికి" అని మొదలు.

"అయ్యగారు చదవడక్కా ఇప్పుడు.
ముందు మిషను చదువుద్ది.
దానికి నచ్చితేనే మనిషి దాకా పోద్ది."
"మిషనుకి చూపెట్టడానికా
ఇస్త్రీ చీర కట్టుకొచ్చాను," అంది.

ఫోటో తీసేశాను. దానికి మొహాలు తెలియవు.
గళ్ల పట్టిక తీసేశాను. గళ్లల్లో రాసింది దానికి ఆనదు.
తండ్రి పేరు, పుట్టుమచ్చలు, కులం.
"ఆ ఆఖరిది మాత్రం మంచి పని చేశావు" అంది.
కాసేపు చూసి,
"తొడిమలు తీస్తన్నావు తమ్ముడూ" అంది.
పదమూడో ఏట మొదలెట్టిన పని అది ఆమెకి,
కిలోకింత అని.

తర్వాత మిర్చి యార్డులో, కమీషను కొట్లో, పంతొమ్మిదేళ్లు.
ఏం చేసేదానివక్కా అంటే
చెప్పడం రాక చేసి చూపించింది.
నా కుర్చీ పక్కన లేని టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దించి
లేని కాయ ఒకటి పైకి తీసి
చెవి దగ్గర ఆడించింది.
"గింజ మోగితే ఎండినట్టు.
మోగకుండా మెత్తగా వంగితే
ఎవడో నీళ్లు చల్లినట్టు."

నేను కొట్టాను: క్వాలిటీ కంట్రోల్.
మాయిశ్చర్ ఎనాలిసిస్.
వెండర్ మేనేజ్‌మెంట్. అంటే,
రాత్రంతా లారీ మీద కూర్చుని వచ్చిన రైతుతో
నీ సరుకులో సగం తాలు అని
అతని మొహం చూసి చెప్పడం.
చదివి వినిపిస్తే
"ఎవరామె?" అంది.

2018 మార్చి నుంచి 2019 మే దాకా ఏమీ లేదేంటి?
"దగ్గు."
మిషన్లకి ఖాళీలంటే అనుమానం.
దగ్గుకి మంచి మాట వెతికాను, దొరకలేదు.
నెలలు ఎత్తేసి సంవత్సరాలు ఉంచాను.
కుట్టు కనపడకుండా మూతి కుట్టిన గోతంలా
ఖాళీ మూసుకుపోయింది.

ఇంకో ఉపాయం ఉందని చెప్పాను, గొంతు తగ్గించి.
కంపెనీ అడిగిన మాటలన్నీ కాగితం అడుగున
తెలుపు మీద తెలుపుతో కొట్టొచ్చు.
మనిషికి కనపడవు, మిషను లెక్కేసుకుంటుంది.
నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.
మంచినీళ్లు తాగి
"బస్తాకి నీళ్లు కొట్టడమేగా.
కాటా మీద తూగుద్ది.
వారం పోయాక లోపల నల్లబడుద్ది.
నా చేత్తో ఎన్ని పట్టుకున్నానని...
వొద్దులే."

పంపాం.
నలభై సెకన్లకి జవాబు: మీ ఆసక్తికి ధన్యవాదాలు.
"అప్పుడే చూశారా? ఎవరు?"
చేరిందక్కా, అన్నాను.
ఆ మాటైతే అబద్ధం కాదు.

పర్సులోంచి మూడు పదులు లెక్కపెట్టి ఇచ్చింది.
గల్లాలో వేసి కన్ను నులుముకున్నాను.
భగ్గుమంది.
యార్డు మానేసి ఏడాదయిందంది కదా, ఇంకా.

ఆ నీళ్ల కంటితోనే నా ఫైలు తెరిచాను.
ఎం.కామ్., నూట పన్నెండు అప్లికేషన్లు, ఒక ఇంటర్వ్యూ,
అదీ వాయిదా.
మొత్తం సెలెక్ట్ కొట్టాను. నీలం పరుచుకుంది.
అడుగున, ఏమీ లేదనిపించే చోట,
తడి గోతానికి చెమ్మ తేలినట్టు తేలాయి:
లీడర్‌షిప్, ఎనలిటిక్స్, టీమ్ ప్లేయర్.
ఒక కుర్చీ, ఒక స్టూలు ఉన్న ఈ కొట్లో
టీమ్ ప్లేయర్ని.

చెరిపే మీట మీద వేలు పెట్టి ఉంచాను.
రేపటితో గడువు.
బయట ఎవరో ఆధార్ జిరాక్సు అని పిలిచారు,
రెండువైపులా, ఒకే పేజీలో.
వస్తన్నా, అని లేచాను.